బే ఏరియా వదిలి డాలస్ వెళ్దామనుకుంటున్నాం, మా లెక్క ఒకసారి చూసి చెప్పండి

తణుకు_టు_ఫ్రీమాంట్:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ మీ పోస్టులు చదవడమే తప్ప నేను ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు నిజంగా సలహా కావాల్సొచ్చి రాస్తున్నా, కొంచెం పెద్దదైతే ఏమనుకోకండి.

మేం 2016 నుంచి ఇక్కడే, కాలిఫోర్నియా బే ఏరియాలోనే ఉంటున్నాం, ముందు సన్నీవేల్, తర్వాత గత 5 ఏళ్లుగా ఫ్రీమాంట్. బాబుకి 6 ఏళ్లు, ఫస్ట్ గ్రేడ్. పాపకి 9 నెలలు. నేను హెచ్‌1బి వర్క్ వీసా మీద ఉన్నా, ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయింది, ఈబీ2 కేటగిరీ, ప్రయారిటీ డేట్ (క్యూలో మన తేదీ) 2019, కాబట్టి గ్రీన్ కార్డ్ మాట ఇప్పట్లో తలుచుకునేది కాదు. మా ఆవిడకి హెచ్‌4 ఈఏడీ (ఉద్యోగం చేసుకునే పర్మిట్) ఉంది, పాప పుట్టకముందు టెస్టింగ్ కాంట్రాక్ట్ చేసేది, అది అయిపోయింది, మళ్లీ వెతుకుతోంది.

నా బేస్ జీతం ఏడాదికి లక్షా 75 వేల డాలర్లు, ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) ఏడాదికి 35 వేల దాకా వెస్ట్ అవుతాయి, అంటే చేతికొస్తాయి. ఊళ్లో చెప్తే ఇంత జీతమా అంటారు, కానీ ఇక్కడ రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌కి 3,650 అద్దె కడుతున్నాం, మొన్న రెన్యువల్ లెటర్‌లో 3,900 అని పెట్టారు. పాపని డేకేర్‌లో వేద్దామని అడిగితే నెలకి 2,700 చెప్పారు. అంటే మా ఆవిడ ఉద్యోగంలో చేరితే ఆ జీతంలో సగం డేకేర్‌కే. ఇల్లు కొనే ఆశ అయితే వదిలేసుకున్నాం, మా పక్క వీధిలో 1970ల నాటి మూడు బెడ్‌రూముల ఇల్లు 1.7 మిలియన్‌కి పోయింది. పదేళ్లు పనిచేసి దాచింది లక్షన్నర ఉంది, అది ఇక్కడ పది శాతం డౌన్ పేమెంట్‌కి కూడా చాలదు.

మా కంపెనీకి టెక్సాస్‌లో డాలస్ పక్కన ప్లేనోలో ఆఫీసుంది. మేనేజర్‌ని అడిగితే సరే అన్నాడు కానీ హెచ్‌ఆర్ వాళ్లు అక్కడికి మారితే బేస్ 10 శాతం తగ్గుతుందన్నారు. నా లెక్క ఏంటంటే టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి కాలిఫోర్నియా స్టేట్ ట్యాక్స్ 9.3 శాతం మిగిలిపోతుంది కదా, అంటే 19 వేల పైన, జీతం తగ్గిందానికి ఇది సరిపోగా ఇంకా మిగులుతుంది. పైగా అక్కడ సెలీనా, ప్రాస్పర్ ఊళ్ల వైపు 5 లక్షల 50 వేలకి కొత్త నాలుగు బెడ్‌రూముల ఇల్లు వస్తోంది. నా బీటెక్ ఫ్రెండ్స్ ముగ్గురు అటే వెళ్లిపోయారు, ఫోన్ చేసినప్పుడల్లా ఇంకా అక్కడే ఎందుకున్నావురా అంటారు.

అమ్మానాన్న ప్రతి ఏడాది వేసవిలో వచ్చి 5 నెలలు ఉంటారు, వాళ్లు హాల్లో పడుకోవాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది. మా ఆవిడకి మాత్రం ఇక్కడి నుంచి కదలాలని లేదు, ఈ వాతావరణం, ఈ స్నేహితులు మళ్లీ దొరకరంటుంది. నా లెక్కలో ఏమైనా మర్చిపోయానా? వెళ్లినవాళ్లు, వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు, వెళ్దామనుకుని ఆగిపోయినవాళ్లు ఎవరైనా సరే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నల్లరేగడి_ప్రాస్పర్:

బ్రదర్, మేం 2019లో శాన్‌రామోన్ నుంచి ఇక్కడికి వచ్చాం, మీరు అడిగినవన్నీ నేను పడి లేచినవే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ముందు ఆ 9.3 దగ్గరే తప్పుంది. అది మీ మొత్తం జీతం మీద పడదు, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే ట్యాక్సబుల్ ఇన్‌కమ్ ఇంచుమించు లక్షా 40 వేలు దాటిన దగ్గర్నుంచి మాత్రమే పడుతుంది, దాని కిందదంతా 1, 2, 4, 6, 8 శాతం శ్లాబుల్లో పోతుంది. మీ 2 లక్షల 10 వేలకి స్టేట్ ట్యాక్స్ 11,500 దగ్గర వస్తుంది. ఎస్‌డీఐ (జీతంలోంచి కోసే స్టేట్ ఇన్సూరెన్స్) ఒకటి ఉంది, 2025లో 1.2 శాతం, 2024 నుంచి దానికి పై లిమిట్ కూడా తీసేశారు, అదో 2,500. మొత్తం 14 వేలు. పోయినేడాది మీ 540 ఫారం (కాలిఫోర్నియా ట్యాక్స్ రిటర్న్) తీసి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 10 శాతం కోత చూడండి. 17,500 తగ్గుతుంది, అందులో ఫెడరల్ ట్యాక్స్, మెడికేర్ ఎలాగూ పోయేవే కాబట్టి చేతికి తగ్గేది 13 వేల చిల్లర. 14 మిగిలింది, 13 పోయింది. అంటే ట్యాక్స్ కోసమే టెక్సాస్ వస్తున్నారనుకుంటే మీ విషయంలో అందులో ఏమీ లేదు. ఇంకోటి, కాలిఫోర్నియాలో ఉండగా ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు మీరు ఇక్కడికొచ్చాక వెస్ట్ అయినా, గ్రాంట్ నుంచి వెస్ట్ దాకా మీరు అక్కడ ఎన్ని రోజులు పనిచేశారో ఆ వంతు మీద కాలిఫోర్నియాకి కట్టాల్సిందే, 540ఎన్‌ఆర్ (అక్కడ ఉండనివాళ్ల రిటర్న్) ఫైల్ చెయ్యాలి. నాకు ఈ సంగతి తెలీక రెండో ఏడాది నోటీసు వచ్చింది, వడ్డీతో కట్టా.

ఇక ఇల్లు. 5 లక్షల 50 వేల ఇంటికి 20 శాతం కడితే లోన్ 4 లక్షల 40 వేలు, ఆరున్నర శాతం అనుకుంటే అసలు వడ్డీ కలిపి నెలకి 2,780. ప్రాపర్టీ ట్యాక్స్ ఇటువైపు 2 శాతం పక్కాగా అనుకోండి, మడ్ గానీ పిడ్ గానీ (కాలనీ నీళ్లు, రోడ్ల లాంటి వాటికి వేసే అదనపు పన్ను) ఉన్న కొత్త కాలనీల్లో అయితే రెండున్నర కూడా దాటుతుంది. హోమ్‌స్టెడ్ (మనం ఉండే సొంతింటికి ఇచ్చే రాయితీ) పెట్టుకుంటే స్కూల్ ట్యాక్స్‌లో లక్షా 40 వేల విలువకి మినహాయింపు ఉంది (2025 నవంబర్ ఓటింగ్‌లో లక్ష నుంచి పెంచారు), అది తీసేసినా ఏడాదికి 10 వేల దగ్గర కట్టాలి. ఇన్సూరెన్స్ మాకు 4,500 అవుతోంది. హెచ్‌ఓఏ (కాలనీ సంఘం ఫీజు) వేసుకుంటే అంతా కలిపి నెలకి 4,070. మీరు ఇప్పుడు కడుతున్న అద్దె 3,650! చూశారా, మీరు అక్కడ స్టేట్‌కి కట్టే 14 వేలు ఇక్కడ ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ రూపంలో అచ్చంగా అంతే కడతారు. తేడా అల్లా ఇల్లు మీదవుతుంది, అమ్మానాన్నకి ఒక గది ఉంటుంది. ఆ తేడా చిన్నదని నేను అనను, నాకైతే దాని కోసమే వచ్చానని ఇప్పటికీ అనిపిస్తుంది.

కొత్త ఇల్లు కొనేవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. జనవరి 1 నాటికి అక్కడ ఏముందో దాని మీదే ఆ ఏడాది ట్యాక్స్ వేస్తారు, ఇల్లు అప్పటికి లేవకపోతే ఖాళీ స్థలం మీదే వేస్తారు. లోన్ ఇచ్చినవాళ్లు ఆ చిన్న ట్యాక్స్ చూసి ఎస్క్రో (ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం నెల నెలా తీసుకునే డబ్బు) పెడతారు, మనం అబ్బ తక్కువే అనుకుంటాం, తర్వాతి ఏడాది మొత్తం ఇంటి మీద బిల్లు వస్తుంది, పాత తరుగు కూడా కలిపి వసూలు చేస్తారు. మాకు 2022లో ఒక్కసారిగా నెలకి 900 పైన పెరిగింది. ఆ ఏడాది ఇండియా టికెట్లు కూడా క్యాన్సిల్ చేసుకున్నాం. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రాప్ 13 చట్టం ఉంది కదా, కొన్న ధర మీద ఏడాదికి 2 శాతం మించి విలువ పెంచడానికి లేదు, ఇక్కడ హోమ్‌స్టెడ్ ఉన్నా 10 శాతం దాకా పెంచొచ్చు, అందుకే ప్రతి ఏప్రిల్‌లో నోటీసు రాగానే కూర్చుని మే 15 లోపు ప్రొటెస్ట్ వెయ్యాలి. చుట్టుపక్కల ఇళ్లు ఎంతకి పోయాయో కాగితాలు పట్టుకుని వెళ్తే తగ్గిస్తారు, నేను మూడుసార్లు తగ్గించుకున్నా.

వడగళ్లు ఒకటి. నిమ్మకాయలంత పడతాయి, రూఫ్ మొత్తం మార్చాల్సొస్తుంది. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నా, తీరా చూస్తే డిడక్టబుల్ (ముందు మనం పెట్టుకోవాల్సింది) 2 శాతం అని రాసుంది, అది నష్టం మీద కాదు, ఇంటి ఇన్సూరెన్స్ విలువ మీద. 9,200 చేతి నుంచి పెట్టుకున్నాం. పాలసీ తీసుకునేటప్పుడు ఆ లైను చదవండి.

ఇక నేల. నా పేరు ఊరికే పెట్టుకోలేదు, మాది నరసరావుపేట, ఇక్కడి మట్టి చూడగానే మా చేలు గుర్తొచ్చాయి, అదే నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దాంతో ఇంటి పునాది కదిలి గోడల్లో పగుళ్లు వస్తాయి, తలుపులు పట్టవు. అందుకే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇంటి చుట్టూ నీళ్లు కారే పైపు వేసి పునాదికి తడి పెట్టాలి. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు ఇది చూసి ఇంటికి నీళ్లు కట్టడమేంట్రా అన్నాడు, మట్టి చేతిలోకి తీసుకుని చూశాక ఇంక ఏమీ అనలేదు, రోజూ ఆయనే తిప్పేవాడు.

నా సలహా ఒక్కటే, వస్తే రండి కానీ వచ్చీ రాగానే కొనకండి. లిటిల్ ఎల్మ్ వైపు నాలుగు బెడ్‌రూముల ఇల్లు 2,700కి అద్దెకి దొరుకుతుంది. అక్కడే నెలకి వెయ్యి మిగులుతుంది, డేకేర్ మా పక్కింటివాళ్లు 1,600 కడుతున్నారు, అదింకో వెయ్యి. మీకు నిజంగా మిగిలేది ఇదే. ఒక వేసవి, ఒక చలికాలం చూసి అప్పుడు కొనండి.

గోదారమ్మాయి:

అన్నయ్య గారూ, పై ఆయన డబ్బు లెక్క చక్కగా చెప్పారు, నేను మీ మిసెస్ తరఫు నుంచి రాస్తాను. మేము 2020 చివర్లో మిల్పిటాస్ నుంచి డాలస్ దగ్గరి ఫ్రిస్కో వచ్చాం.

మొదటి ఏడాది నాకు చాలా కష్టంగా గడిచింది. అక్కడ స్ట్రోలర్ వేసుకుని నడిచి పార్కుకి వెళ్లేదాన్ని, పార్కులో నలుగురు మనవాళ్లు కనపడేవారు, అలా అలా స్నేహాలు కలిసేవి. ఇక్కడ కారు తియ్యందే పాల ప్యాకెట్ కూడా రాదు, ఒక్క కారుతో వచ్చాం కాబట్టి ఆయన ఆఫీసుకి వెళ్తే నేను ఇంట్లోనే. రెండో కారు ఖర్చు మీ లెక్కలో వేసుకోండి, దాని ఇన్సూరెన్స్ కూడా, టోల్ రోడ్లు కూడా. వచ్చిన మూడో నెలలోనే 2021 ఫిబ్రవరి మంచు తుఫాను, మాకు మూడు రోజులు కరెంటు లేదు, పిల్లాడికి నాలుగు స్వెట్టర్లు వేసి కారులో హీటర్ పెట్టుకుని కూర్చున్నాం, పక్కింట్లో పైపులు పగిలి సీలింగ్ కూలింది. ఇప్పటికీ టెంపరేచర్ సున్నాకి పడుతుందంటే రాత్రి కుళాయిలన్నీ సన్నగా కారేలా వదిలి, బయటి కుళాయిలకి గుడ్డలు చుట్టి పడుకుంటాం.

మీ అమ్మానాన్న గురించి రాశారు కదా, అది చదివే నేను జవాబు రాస్తున్నా. గది ఉంటుంది, నిజమే. కానీ మీరు వాళ్లని వేసవిలో తీసుకొస్తానంటున్నారు, ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చాలా రోజులు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో 38, అది రాత్రి 8 అయినా తగ్గదు. ఫ్రీమాంట్‌లో పెద్దవాళ్లు సాయంత్రం అయ్యేసరికి లేక్ ఎలిజబెత్ చుట్టూ గుంపులుగా నడుస్తూ ఎంత హాయిగా ఉంటారో నాకు తెలుసు. మా మావయ్యగారు ఇక్కడ జులైలో వచ్చి రెండు నెలలు ఏసీ గదిలోనే గడిపి, బెంగపెట్టుకుని టికెట్ ముందుకి జరుపుకుని వెళ్లిపోయారు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో రప్పించాం, మార్చి దాకా ఉన్నారు, ఎంత సంతోషంగా ఉన్నారో. కాబట్టి వాళ్ల రాక నెలలు మార్చుకోవాల్సి వస్తుంది, సంక్రాంతికి ఊళ్లో ఉండాలనుకునే వాళ్లయితే అది కూడా చిన్న విషయం కాదు.

ఇప్పుడు మాత్రం నాకు వెనక్కి వెళ్లాలని లేదు. మంగళవారం, శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్తే సగం ఊరు మనవాళ్లే. ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్లు నెల నెలా తెలుగు వెన్నెల అని సాహిత్య సభ పెడతారు, ఏళ్ల తరబడి ఆపకుండా నడుస్తోంది, మా అబ్బాయి అక్కడ పద్యం చెప్పాడు. పెరట్లో ఈ ఎండకి గోంగూర, బచ్చలి, బెండ విరగకాస్తాయి, పంచడానికి మనుషులు చాలరు. కానీ ఇదంతా రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీ మిసెస్ వద్దంటున్నారంటే దయచేసి దాన్ని లెక్కలో చివరి లైనుగా చూడకండి, ముందు తన ఉద్యోగం సంగతి తేల్చుకుని అప్పుడు మారండి. ఇంటినుంచే చేసే ఉద్యోగమో, అక్కడి ఆఫీసు ఉద్యోగమో చేతిలో ఉంటే మొదటి ఏడాది అంత ఒంటరిగా ఉండదు.

కరీంనగర్_అన్న:

అన్నా, ఇంటి లెక్క జర పక్కకు వెట్టు, ముందుగాల వీసా సంగతి చూస్కో.

నేను 2022ల శాన్‌హోజే కెళ్లి ఇర్వింగ్‌కు వచ్చిన. ఒకటే కంపెనీ, ఒకటే పని, ఆఫీస్ ఒక్కటే మారింది గదా ఏమైతది అనుకున్న. అట్ల కాదు. వర్క్ లొకేషన్ ఇంకో మెట్రో ఏరియాకు (పెద్ద నగరం, దాని సుట్టుపక్కల ఊర్లు) వోతే హెచ్‌1బి అమెండ్‌మెంట్ ఫైల్ చెయ్యాలె, అది కూడా నువ్వు కొత్త దిక్కు పని మొదలువెట్టకముందే. 2015ల ఒక కేసుల తీర్పు వచ్చిన కాన్నుంచి గిది పక్కా రూల్. మా హెచ్‌ఆర్‌కు యాది లేదు, నేనే లాయర్‌కు మెయిల్ వెట్టి గుర్తు చేసిన. మూవర్స్‌ను బుక్ చేసే ముందు ఆ రిసీట్ నంబర్ చేతికి వచ్చిందా లేదా చూస్కో.

రెండోది పెర్మ్, అంటే గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ ముందుగాల చేసే లేబర్ సర్టిఫికేషన్. అది నీ జాబ్ ఏ ఊర్ల ఉందో ఆ ఊరికే కట్టి ఉంటది. ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి నీ 2019 డేట్ యాడికి వోదు, గది మంచిగనే ఉంటది. కానీ ప్లేనోల పర్మనెంట్‌గా పనిచేస్తవంటే కంపెనీ మళ్ల కొత్తగ పెర్మ్ చెయ్యాల్సి రావొచ్చు, అది ఏడాది మీదనే వడుతది. చేస్తరా చెయ్యరా అని ఇప్పుడే రాతపూర్వకంగ అడుగు. మేనేజర్ నోటిమాట మీద రాకు, మేనేజర్లు మారుతరు.

మూడోది నా అనుభవం. 2023ల మా టీం మొత్తాన్ని తీసేసిండ్రు. 60 దినాలే టైం ఉంటది మనకు, అందుట్లనే ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలె. బే ఏరియాల ఉన్నప్పుడు ఒక జాబ్ వోతే ఇల్లు మారకుంట, పిల్లల స్కూల్ మారకుంట పక్క బిల్డింగ్‌ల ఇంకోటి దొరికేది. డాలస్‌ల జాబులు లెవ్వని కాదు, బ్యాంకులు, టెలికాం, ఇన్సూరెన్స్, హెల్త్‌కేర్ అన్నీ ఉన్నయ్. కానీ నాది చిప్ డిజైన్ వెరిఫికేషన్, గది ఎక్కువ ఆస్టిన్‌ల, లేకుంటే మళ్ల బే ఏరియాల. 52వ దినం నాడు ఆస్టిన్ కంపెనీ ఆఫర్ ఇచ్చింది. ఇల్లు కొని ఏడాదే అయింది, అమ్ముదమంటే వచ్చే ధర తక్కువ. భార్యాపిల్లలు ఇర్వింగ్‌ల, నేను ఆస్టిన్‌ల రూంల, శుక్రవారం వచ్చుడు, ఆదివారం రాత్రి వోవుడు, ఐ-35 మీద మూడున్నర గంటలు. పద్నాలుగు నెలలు గట్లనే గడిచినయ్. నా బిడ్డ నాకు వీడియో కాల్‌లనే నడక చూపెట్టింది.

అందుకే అడుగుతున్న అన్నా, నీది ఏ పని? గా పనికి డాలస్‌ల నీ కంపెనీ కాకుంట ఇంకో పది కంపెనీలు ఉన్నయా? ఉంటేనే ఇల్లు కొను.

తణుకు_టు_ఫ్రీమాంట్:

అన్నా, మీది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయా. నాది డేటా ఇంజినీరింగ్, పేమెంట్స్ వైపు. ప్లేనో, రిచర్డ్‌సన్, వెస్ట్‌లేక్ వైపు బ్యాంకులూ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీలూ చాలా ఉన్నాయి కాబట్టి ఆ విషయంలో మరీ ఇబ్బంది ఉండదనుకుంటున్నా, కానీ పెర్మ్ మాట అసలు నాకు తట్టలేదు, ఈ వారమే లాయర్‌ని అడుగుతా. ప్రాస్పర్ అన్నగారూ, మీరు చెప్పినట్టు 540 తీసి చూశా, స్టేట్ ట్యాక్స్ 11,300, మీ లెక్క దాదాపు అంతే వచ్చింది. రెండేళ్లుగా 19 వేలు మిగులుతాయని మా ఆవిడతో వాదిస్తున్నా, రాత్రి తనకి ఆ కాగితం చూపించి సారీ చెప్పా.

గోదారమ్మాయి గారూ, మీ పోస్ట్ తను రెండుసార్లు చదివింది. లేక్ ఎలిజబెత్ దగ్గర మా నాన్నకి నిజంగానే ఒక బ్యాచ్ ఉంది, తెనాలి, గుడివాడ, నల్గొండ నుంచి వచ్చిన పెద్దవాళ్లు, సాయంత్రం 6 కల్లా బెంచీ దగ్గర చేరతారు. నేను గది గురించే ఆలోచించాను గానీ అది ఆలోచించలేదు.

ఆల్టమాంట్_దాటి:

మధ్యే మార్గం ఒకటుంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. మేము స్టేట్ మారలేదు, కొండ దాటి మౌంటెన్ హౌస్ అనే ఊరికి వచ్చాం. 2024 జులైలో ఇది సొంతంగా సిటీ కూడా అయింది. ఇక్కడ మనవాళ్లు ఎంతమందో, పొద్దున స్కూల్ దగ్గర తెలుగు వినపడకుండా ఉండదు. మా నాలుగు బెడ్‌రూముల ఇల్లు మిలియన్ లోపు వచ్చింది, ఫ్రీమాంట్‌లో దానికి టౌన్‌హౌస్ కూడా కష్టమే. ట్రేసీ, లాత్రోప్ వైపు ఇంకా తక్కువ.

జీతం తగ్గదు, మీ ఆఫీసు ఇక్కడే ఉంటుంది, ప్రాప్ 13 ఉంటుంది (మెల్లో రూస్ అని అదనపు పన్ను ఒకటి కొత్త కాలనీల్లో పడుతుంది, ఆ బిల్లు ముందే అడిగి చూడండి). మా ఆఫీసు శాన్‌హోజే మెట్రో ఏరియా కిందా ఇల్లు స్టాక్టన్ మెట్రో ఏరియా కిందా వచ్చినా, రోజూ వెళ్లే ఆఫీసు మారలేదు కాబట్టి వీసాకి ఏ గొడవా రాలేదు, ఇంటి అడ్రస్ ఏఆర్-11 ఫారంలో మార్చుకుంటే సరిపోయింది. పిల్లలు యూసీలకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వెళ్తే ఇన్‌స్టేట్ ఫీజు. బయటి స్టేట్ వాళ్లకి యూసీలో ఏడాదికి 30 వేల పైన అదనం, ఇద్దరు పిల్లలకి నాలుగేళ్లు వేసుకోండి. టెక్సాస్‌లో కూడా మంచి యూనివర్సిటీలు లేకపోలేదు, యూటీ ఆస్టిన్‌లో హైస్కూల్ క్లాసులో టాప్ 5 శాతంలో ఉంటే నేరుగా సీటొస్తుంది (2026 ఫాల్ నుంచి 5, అంతకుముందు 6), కానీ పోటీ స్కూళ్లలో ఆ 5 శాతంలో ఉండటం ఎంత కష్టమో కూడా చూసుకోవాలి.

దీని ధర ఒకటే, రోడ్డు. పొద్దున 5:40కి బయల్దేరితే 580 హైవే మీద గంటా పావులో ఆఫీసులో ఉంటా, 7కి బయల్దేరితే రెండు గంటలు. ట్రేసీలో ఏస్ రైలు ఎక్కితే ఫ్రీమాంట్, గ్రేట్ అమెరికా మీదుగా శాన్‌హోజే వెళ్తుంది, లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకోవచ్చు, కానీ పొద్దున కొన్నే రైళ్లు, అది తప్పితే కారే. ఆఫీసు వారానికి రెండు మూడు రోజులైతే బతకొచ్చు. మాకు 2024లో అయిదు రోజులూ రమ్మన్నారు, అప్పట్నుంచి పిల్లలు లేచేసరికి నేను ఉండను, వాళ్ల హోంవర్క్ టైంకి నిద్ర ముంచుకొస్తుంటుంది. వేసవిలో ఇక్కడా 100 దాటుతుంది గానీ రాత్రికి డెల్టా గాలి వస్తుంది, కిటికీలు తీస్తే చల్లబడుతుంది.

ఇంకో విషయం, పాపకి 9 నెలలు అన్నారు. మీరు 8 వారాల పెయిడ్ ఫ్యామిలీ లీవ్ వాడుకున్నారా? అది మీ ఎస్‌డీఐ డబ్బులతో నడిచేదే, తండ్రికి కూడా ఉంటుంది, బిడ్డ పుట్టిన ఏడాది లోపే తీసుకోవాలి. టెక్సాస్‌లో ఇలాంటి స్టేట్ స్కీమ్ లేదు. ఎక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా ముందు అది వాడుకోండి, మీకు మూడు నెలలే ఉంది.

కేరీ_కాపురం:

డాలస్ ఒక్కటే అనుకోకండి, నార్త్ కరోలినా వైపు కూడా చూడండి. స్టేట్ ట్యాక్స్ ఉంది, 2025కి అందరికీ ఒకటే 4.25 శాతం, 2026 నుంచి 3.99. కానీ ప్రాపర్టీ ట్యాక్స్ టెక్సాస్‌లో సగం కూడా ఉండదు, వడగళ్ల గోల అంత లేదు, ఎండలు కూడా ఆ స్థాయిలో ఉండవు. కేరీలో వేంకటేశ్వర స్వామి గుడి ఉంది, మోరిస్‌విల్ అంతా మనవాళ్లే. మా అమ్మ వాళ్లు మే నుంచి అక్టోబర్ దాకా ఉంటారు, సాయంత్రాలు బాగానే నడుస్తారు, దోమలు, పుప్పొడి ఎలర్జీ తప్ప ఇబ్బంది లేదు. మీ కంపెనీకి ఇక్కడ ఆఫీసు లేకపోతే మాత్రం కరీంనగర్ అన్న చెప్పిన మాటే, ముందు ఉద్యోగం.

తణుకు_టు_ఫ్రీమాంట్:

ఆల్టమాంట్ గారూ, మీకు ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే, ఆ లీవ్ సంగతి నాకు తెలుసు గానీ ప్రాజెక్ట్ అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చా, ఏడాది లోపే అన్న సంగతి మర్చిపోయా. నిన్ననే మేనేజర్‌కి చెప్పేశా, వచ్చే నెల మొదటి తారీకు నుంచి 8 వారాలు.

ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. అద్దె రెన్యువల్ ఏడాదికి కాకుండా 6 నెలలకి అడిగాం, 3,950 అన్నారు, సరే అన్నాం. లాయర్ చెప్పిందేంటంటే ప్లేనో వెళ్తే కొత్త పెర్మ్ తప్పదు, కంపెనీ చేస్తుందా అని హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగా, జవాబు రావాలి. అది అవునని రాతపూర్వకంగా వస్తేనే ముందుకి. మా ఆవిడ కూడా ఒక షరతు పెట్టింది, డాలస్ చూడ్డానికి వెళ్తే మంచి వాతావరణంలో కాదు, జులైలోనే వెళ్లాలి, హోటల్‌లో కాకుండా అక్కడ ఒక ఇంట్లో పది రోజులు ఉండాలి అని. లీవ్‌లో ఉంటా కాబట్టి కుదురుతుంది, నాన్నని కూడా తీసుకెళ్తున్నాం, ఆయన అభిప్రాయం కూడా కావాలి. ఇల్లు కొనడం మాత్రం ఏ ఊరైనా ఒక ఏడాది ఆగాకే. ప్రాస్పర్ అన్నగారూ, ఆ పది రోజుల్లో మేం ఏం చూడాలో చెప్పండి, మోడల్ హోమ్స్ కాకుండా.

నల్లరేగడి_ప్రాస్పర్:

జులైలో రండి, చాలా మంచి పని. మూడు చెప్తా. వారం మధ్యలో ఒకరోజు సాయంత్రం 5కి ప్లేనో ఆఫీసు దగ్గర్నుంచి సెలీనా దాకా ఒకసారి టోల్ రోడ్డు మీద, ఒకసారి టోల్ లేకుండా ప్రెస్టన్ రోడ్డు మీద నడిపి చూడండి, ఆ టైం రాసుకోండి. మూడు నాలుగేళ్ల పాత కాలనీలో ఎవరింటి ముందైనా ఆగి మీ ట్యాక్స్ బిల్లు, కరెంటు బిల్లు ఎంత అని అడగండి, మనవాళ్లే ఉంటారు, తప్పకుండా చెప్తారు. మీ నాన్నగారిని సాయంత్రం 7:30కి అలా వీధి చివరిదాకా నడిపించండి. వచ్చేముందు ఇక్కడ ఒక మాట పెట్టండి, ఆదివారం భోజనానికి మా ఇంటికి రండి, నాన్న ఈసారి జూన్ నుంచి ఇక్కడే ఉంటారు, పెద్దవాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు.